దేశం లేని కాలంలో రాయబారి

పట్టుమని పద్నాలుగు లక్షల జనాభా కూడా లేని ఎస్టోనియా లాంటి దేశానికి ఊరూరా రాయబారులెందుకు, యూరోపియన్ యూనియన్ తరఫున ఒకరుంటే చాలదా అని అడిగేవారు ఉన్నారు. వలస వచ్చిన మన తెలుగువారి సంఘాల వేదికల మీద కూడా ఈ లెక్కే కనిపిస్తుంది. పెద్ద దేశపు ప్రతినిధికి ముందు వరుసలో కుర్చీ వేస్తాం, చిన్న దేశపు ప్రతినిధికి ఒక శాలువా కప్పి ఊరుకుంటాం. ఈ లెక్క తప్పని నేను అనుకోవడానికి కారణం, న్యూయార్క్‌లో అర్ధ శతాబ్దం పాటు తెరిచి ఉన్న ఒక చిన్న కార్యాలయం.

1940 జూన్‌లో సోవియట్ సేనలు ఎస్టోనియాను ఆక్రమించుకున్నాయి, ఆగస్టుకల్లా ఆ దేశం సోవియట్ యూనియన్‌లో కలిసిపోయింది. అయితే ఈ విలీనాన్ని తాము గుర్తించబోమని అమెరికా విదేశాంగ శాఖలో ఉన్నతాధికారి అయిన సమ్నర్ వెల్స్ జులై 23ననే ప్రకటించారు. దాంతో న్యూయార్క్‌లోని ఎస్టోనియా కాన్సులేట్, అంటే రాయబార కార్యాలయం కంటే చిన్నదైన దౌత్య కార్యాలయం, మూతపడలేదు. దానికి ఆజ్ఞలిచ్చే ప్రభుత్వం లేదు, జీతాలు పంపే ఖజానా లేదు, అయినా అది ఒక దేశపు కార్యాలయంగానే చెల్లుబాటయింది. యోహన్నెస్ కైవ్ 1965లో మరణించేవరకు దాన్ని నడిపారు, ఆ తర్వాత ఎర్నస్ట్ యాక్సన్ ఆ బాధ్యత తీసుకున్నారు. 1905లో పుట్టిన యాక్సన్ ఇంకా మీసాలైనా రాని వయసులో, 1919లోనే, తన దేశపు దౌత్య సేవలో చేరినవారు.

ఇన్నేళ్లూ ఆ కార్యాలయం చేసిన పనిలో చెప్పుకోదగ్గ ఆర్భాటమేమీ లేదు. ప్రవాసంలో ఉన్న ఎస్టోనియన్లకు పాస్‌పోర్టులు ఇవ్వడం, కాగితాలు ధ్రువీకరించడం, ఫిబ్రవరి 24న స్వాతంత్ర్య దినం జరపడం, ఇంతే. కానీ పాస్‌పోర్టు మీద ఒక దేశం పేరు అచ్చవుతున్నంత కాలం, ఆ దేశం లేదని అనడానికి ఎదుటివాడు కాస్త ఇబ్బంది పడక తప్పదు.

అసలు చిక్కు వయసుతో వచ్చింది. కొత్త దౌత్యవేత్తను నియమించాలంటే ప్రభుత్వం ఉండాలి, అదే లేదు. అలాగే సోవియట్ యూనియన్‌లో కలిసిపోయిన పొరుగు బాల్టిక్ దేశాలు లాత్వియా, లిథువేనియా ప్రతినిధులదీ ఇదే పరిస్థితి. ఉన్నవారు ఒక్కొక్కరే వృద్ధులై రాలిపోతుంటే, మాస్కో ఏమీ చేయనక్కరలేకుండానే ఆ మూడు కార్యాలయాలూ వాటంతట అవే ఖాళీ అయిపోయే ప్రమాదం ఏర్పడింది.

ఇదంతా అమెరికా దయాదాక్షిణ్యమే తప్ప ఆ ఉద్యోగుల గొప్పతనం ఏముందని ఎవరైనా అంటే, అందులో సగం నిజముందని ఒప్పుకుంటాను. స్వీడన్ తన దగ్గర దాచిన బాల్టిక్ బంగారాన్ని 1940లోనే సోవియట్ ప్రభుత్వానికి అప్పగించింది. ఆస్ట్రేలియా 1974లో విలీనాన్ని గుర్తించి, మరుసటి ఏడాది ప్రభుత్వం మారాక ఆ మాట వెనక్కి తీసుకుంది. ఆతిథ్యమిచ్చిన దేశం మనసు మారితే ఏ రాయబారీ నిలవలేడు. అయితే ఆ దేశం గుర్తిస్తున్నానన్నప్పుడు, ఆ గుర్తింపును అందుకోవడానికి తలుపు తీసి కూర్చున్న మనిషి ఒకడు ఉండాలి కదా. పాత దేశం తెగిపోలేదన్న ఈ వాదానికి కఠినమైన ముఖం కూడా ఉందని దాచను. ఎస్టోనియా మళ్లీ స్వతంత్రమయ్యాక 1940కి ముందరి పౌరులకూ వారి సంతతికీ పౌరసత్వం దానంతటదే దక్కింది, సోవియట్ కాలంలో వచ్చి స్థిరపడిన రష్యన్ భాషీయులు లక్షల్లో ఏ దేశపు పౌరులూ కాకుండా మిగిలారు. వలస వచ్చిన మనలాంటివారు ఈ సంగతిని తేలిగ్గా తీసుకోకూడదు.

1991 ఆగస్టు 20న ఎస్టోనియా స్వాతంత్ర్యాన్ని పునరుద్ధరించుకుంది. సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో చేరింది. అమెరికా దాన్ని కొత్త దేశంగా గుర్తించనక్కరలేకపోయింది, ఆగిపోయిన పూర్తిస్థాయి సంబంధాలను తిరిగి మొదలుపెడితే సరిపోయింది. ఇరవై ఆరేళ్లు కాన్సల్ జనరల్‌గానే, అంటే కాన్సులేట్ అధిపతిగానే, ఉండిపోయిన యాక్సన్, అమెరికాలో తన దేశపు రాయబారిగా నియామక పత్రాలు సమర్పించేనాటికి ఆయన వయసు ఎనభై ఆరు.