తాతయ్య మిలిటరీ ఫైలు లండన్‌లో ఉందా?

కొన్నాళ్లుగా మా పాలకొల్లు, భీమవరం వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "మీ తాత, ముత్తాత బ్రిటిష్ మిలిటరీలో చేశారా? ప్రతి సిపాయి ఫైలూ లండన్‌లో ఉంది. ఆన్‌లైన్‌లో పేరు, ఊరు కొడితే చాలు. పేరు రాలేదంటే ఆయన మిలిటరీలో లేనట్టే. ఇంట్లో పతకం ఉంటే అది వీరపతకం. మనవాళ్లంతా మద్రాస్ రెజిమెంటే. బర్మా వెళ్లినవాళ్లు నేతాజీ సైన్యం. పింఛను బకాయిలు వడ్డీతో సహా వస్తాయి." ఇది చదివి వెతికి, పేరు కనిపించక, "మా ముత్తాత ఉత్తినే కోతలు కోశాడన్నమాట" అని తేల్చేసినవాళ్లు ఉన్నారు. పాపం పెద్దాయన!

ముందు లండన్ సంగతి. ఇండియన్ ఆర్మీ ఆఫీసర్ల వివరాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఇండియా ఆఫీస్ (అప్పట్లో లండన్ నుంచి ఇండియా వ్యవహారాలు చూసిన శాఖ) రికార్డుల్లో చాలావరకు దొరుకుతాయి. మామూలు సిపాయి సర్వీసు కాగితాలు అక్కడికి వెళ్లలేదు, ఇక్కడే ఆ పల్టన్ (సైనిక దళం) దగ్గర ఉండేవి. అసలు మొదటి ప్రపంచ యుద్ధంలో చేసిన బ్రిటిష్ సైనికుల ఫైళ్లలోనే సగానికి పైగా 1940లో లండన్ మీద పడ్డ బాంబులకు కాలిపోయాయి. ఈమధ్య ఆన్‌లైన్‌లో పెట్టిన సిపాయిల రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో ఉన్నవి, పంజాబ్ వాళ్లవి. ఆ వార్తే గోదారి దాటేసరికి "ప్రతి సిపాయి" అయిపోయి ఉంటుంది.

"పేరు రాలేదంటే లేనట్టే" అన్నది ఇంకా అన్యాయం. ఎక్కువమంది వెతికేది కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో. అందులో ఉన్నది రెండు ప్రపంచ యుద్ధాల కాలంలో చనిపోయినవారి పేర్లు, సుమారు 17 లక్షలు. మీ ముత్తాత ప్రాణాలతో తిరిగొచ్చి, పెళ్లి చేసుకుని, పిల్లల్ని కన్నాడు కాబట్టే మీరు ఇవాళ వెతుకుతున్నారు. ఆయన పేరు అందులో ఎందుకుంటుంది?

తిరిగిరాని పెదతాత కోసమైతే వెతకాల్సింది అక్కడే. కాకపోతే జిల్లా పేరు దగ్గర జాగ్రత్త. 1904 నుంచి 1925లో పశ్చిమగోదావరి ఏర్పడేదాకా ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం తాలూకాలు కృష్ణా జిల్లాలో ఉండేవి. మొదటి యుద్ధంలో పోయిన భీమవరం మనిషిని గోదావరి అని కొడితే దొరకడు, అప్పటి ఇంగ్లీషు స్పెల్లింగుతో "కిస్ట్నా" అని వెతకాలి. చాలాచోట్ల ఇంటిపేరు ఉండదు, ఒంటిపేరు, తండ్రి పేరు, ఊరు ఉంటాయి. కాబట్టి తండ్రి పేరుతో కూడా చూడండి. మొదటి యుద్ధంలో ఆ ప్రాంతంలో పోయినవాళ్ల కోసం ఇరాక్‌లో కట్టిన బస్రా స్మారకం మీద బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కారు, మన సిపాయిలను మాత్రం ఏ పల్టన్ నుంచి ఎంతమంది అని అంకెల్లో తేల్చేశారు. వాళ్ల పేర్లకు విడిగా పుస్తకం వేశారు.

ఇక పతకం. ఇంట్లో మిగిలే అసలైన ఆధారం ఇదే, మెసేజ్ తప్పుదారి పట్టించిందీ ఇక్కడే. మొదటి యుద్ధం పతకాల్లో ఎక్కువగా కనిపించేవి రెండు: వెండిదైన బ్రిటిష్ వార్ మెడల్, రెక్కల దేవత ఉండే కంచు విక్టరీ మెడల్. ఆ యుద్ధరంగాల్లో పనిచేసిన లక్షల మందికి ఇచ్చారు కాబట్టి ఇవి వీరపతకాలు కావు. వెండిది చాలా ఇళ్లలో కరువు రోజుల్లో కంసాలి దగ్గర కరిగి పిల్లాడి మొలతాడో, పట్టీలో అయిపోయింది. కంచుదానికి ధర పలకదు గనుక ట్రంకు పెట్టెలో అలాగే పడి ఉంటుంది. దాని బొమ్మ సరే, అంచు చూడండి. టార్చిలైటు పక్కనుంచి వేస్తే ఆ సన్నటి అంచు మీద ఇంగ్లీషులో నంబరు, ర్యాంకు, పేరు, "61 పయనీర్స్" లాంటి పల్టన్ పేరు కనిపిస్తాయి. ఒక్క పల్టన్‌లోనే ఎంతమంది వెంకటస్వాములో! మీ వెంకటస్వామిని మిగతావాళ్ల నుంచి విడదీసేది ఆ నంబరే. దయచేసి మెరుస్తుంది కదా అని చింతపండు పెట్టి తోమకండి, ఉన్న అక్షరాలు కూడా అరిగిపోతాయి. రెండో యుద్ధం పతకాలు బ్రిటిష్ సైనికులకు పేరు లేకుండానే ఇచ్చారు. ఇండియన్ ఆర్మీ వాటి మీద మాత్రం పేరు, నంబరు వేశారు, కాబట్టి వాటినీ తిప్పి చూడండి.

మద్రాస్ రెజిమెంట్ అంటారా? 1920ల చివర్లో దాన్ని రద్దు చేశారు, రెండో ప్రపంచ యుద్ధంలోనే మళ్లీ నిలబెట్టారు. 1935లో చేరిన తాతయ్య ఆ రెజిమెంట్ సిపాయి అయ్యే అవకాశం తక్కువ. వంతెనలు, రోడ్లు వేసే మద్రాస్ సాపర్స్‌లో ఉండొచ్చు, సామాన్లు చేరవేసే సర్వీస్ కోర్‌లో డ్రైవరు కావచ్చు. యూనిట్ తేలితే ఉత్తరం ఎక్కడికి రాయాలో తేలుతుంది: సాపర్లకు బెంగళూరు, మద్రాస్ రెజిమెంట్‌కు నీలగిరుల్లోని వెల్లింగ్టన్. నంబరు, చేరిన ఏడాది, డిశ్చార్జి పుస్తకం ఉంటే దాని జిరాక్సు పెట్టండి.

బర్మా మాటకొస్తే, కాకినాడ రేవు నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లిన మన జిల్లాలవాళ్లలో ఎక్కువమంది ధాన్యం మిల్లుల్లో, రేవులో కూలికి వెళ్లినవాళ్లే. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాక ఎందరో నడిచి ఇంటికొచ్చారు. "తాతయ్య బర్మా నుంచి నడిచొచ్చాడు" అంటే కూలీ కావచ్చు, బ్రిటిష్ సైన్యంలో సిపాయీ కావచ్చు. నేతాజీ సైన్యం, అంటే ఆజాద్ హింద్ ఫౌజ్ అని గట్టిగా చెప్పాలంటే వేరే ఆధారం కావాలి. 1972లో మొదలైన స్వాతంత్ర్య సమరయోధుల పింఛను ఆ ఫౌజ్ వాళ్లకీ వర్తించింది, కాబట్టి ఇంట్లో ఆ మంజూరు కాగితం ఉందేమో వెతకండి.

బకాయిలు, వడ్డీ అన్నది గాలి కబురు. నిజంగా రావాల్సింది ఏదైనా ఉందేమో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి అడగండి. ఆ మెసేజ్ కింద ఉన్న ఫోన్ నంబరుకు మాత్రం ఆధార్ కార్డు ఫొటో పంపకండి.