బీరు తయారయ్యే చోటే కుటుంబం కూర్చోవాలి

శనివారం సాయంత్రం హైదరాబాద్‌లో రెండు చోట్లకు వెళ్లి చూడండి. ఒకటి వైన్స్ పక్కనున్న పర్మిట్ రూమ్. ప్లాస్టిక్ గ్లాసు, పల్లీల ప్యాకెట్టు, నిలబడే తాగడం. అరగంటలో 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసా ఖాళీ. అక్కడ ఆడవాళ్లుండరు, పెద్దవాళ్లుండరు, చాలుగానీ ఇంక లే అనేవాళ్లూ ఉండరు. రెండోది జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు కనిపించే మైక్రోబ్రూవరీ, అంటే బీరు అక్కడికక్కడే తయారుచేసి పోసే చోటు. అద్దం వెనక స్టీలు ట్యాంకులు, ముందు బల్లల చుట్టూ దంపతులు, స్నేహితులు, అప్పుడప్పుడూ ఊరి నుంచి వచ్చిన అత్తమామలు. ఒక్కో గ్లాసుకు ముప్పావుగంట. రెండు చోట్లా అమ్మేది మద్యమే అయినా, తాగే వేగాన్ని నిర్ణయించేది మాత్రం పక్కన కూర్చున్న మనుషులు. తెలంగాణలో 2015లో మైక్రోబ్రూవరీ నిబంధనలు వచ్చినప్పటి నుంచీ చర్చంతా లైసెన్సు ఫీజుల మీదా, ఎక్సైజ్ ఆదాయం మీదా నడుస్తోంది. అసలు మాట్లాడాల్సింది ఈ బల్లల గురించి.

లెక్క చూద్దాం. 7 శాతం ఆల్కహాల్ ఉన్న 650 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 36 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్ ఉంటుంది. 4.8 శాతం గోధుమ బీరు 330 మిల్లీలీటర్ల గ్లాసులో ఉండేది పన్నెండున్నర గ్రాములు. మామూలు మనిషి కాలేయం గంటకు 7 నుంచి 10 గ్రాములే కరిగించగలదు. అంటే ఆ సీసా అరగంటలో లోపలికి పోయినా, బయటపడటానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాటలతో, భోజనంతో రెండు గంటలు సాగే రెండు గ్లాసుల బీరు శరీరానికి పూర్తిగా వేరే విషయం.

అయితే బ్రూవరీకి వెళ్లడం కూడా తెలియాలి. మనవాళ్లు చాలామంది అక్కడికి వెళ్లి కూడా పర్మిట్ రూమ్‌లో తాగినట్టే తాగి వస్తున్నారు. కూర్చోగానే పెద్ద మగ్గు చెప్పొద్దు. ముందు రకానికి కొంచెం రుచి చూపించే శాంప్లర్ అడగండి. నాలుగైదు చిన్న గ్లాసుల్లో ఒక్కోదానిలో 100 మిల్లీలీటర్ల వరకు పోస్తారు, ఇద్దరికి సరిపోతుంది. గోధుమ బీరు, తేలికైన లాగర్ ముందు, చేదెక్కువ ఉండే ఐపీఏ తర్వాత, నల్లటి స్టౌట్ చివర తాగాలి. బీరులో వేసే హాప్స్ పూల చేదు నాలుక మీద చాలాసేపు ఉంటుంది కాబట్టి ఐపీఏతో మొదలుపెడితే ఆ తర్వాత గోధుమ బీరు నీళ్లలా అనిపిస్తుంది. కారానికి కూడా ఒక లెక్క ఉంది. చికెన్ 65 పక్కన ఐపీఏ పెడితే చేదూ కారమూ ఒకదాన్నొకటి రెచ్చగొట్టి నోరు మండుతుంది. అపోలో ఫిష్ లాంటివాటికి గోధుమ బీరే సరైన తోడు. మాడిన మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) వల్ల కాఫీ, చాక్లెట్ రుచి ఉన్న స్టౌట్‌ను తీపి వచ్చేదాకా ఆపండి.

రుచి తేడా కొడితే మౌనంగా తాగేయకండి. బీరులో తప్పులకు ఒక్కోదానికీ ఒక్కో వాసన ఉంటుంది, ఒక్కో కారణం ఉంటుంది. వెన్న వాసన వస్తే బీరును పులియబెట్టే ఈస్ట్ తన పని ముగించకముందే ట్యాంకు తెరిచారన్నమాట, లేదా బీరు వచ్చే పైపులు మురికిగా ఉన్నాయన్నమాట. పచ్చి యాపిల్ వాసన కూడా తొందరపాటుకే గుర్తు. గోధుమ బీరు, ఐపీఏ, స్టౌట్ లాంటి ఏల్ రకాలకు తయారీ నుంచి గ్లాసు దాకా రెండు వారాలన్నా పడుతుంది, లాగర్‌కు నాలుగు వారాలు, అంతకంటే ఎక్కువే. వారాంతంలో రద్దీకి ట్యాంకులు ఖాళీ అవుతుంటే, ఇంకా పక్వానికి రాని బీరును ముందే తోడేస్తారు. ఉడికిన మొక్కజొన్న వాసన వస్తే మాల్ట్ రసాన్ని గంట నుంచి గంటన్నర పాటు మూత తీసి తెర్లనివ్వలేదు, లేదా మరిగాక త్వరగా చల్లార్చలేదు. తడిసిన అట్టపెట్టె వాసనకు లోపలికి చేరిన ఆక్సిజన్ కారణం. వెనిగర్ పులుపు తగిలితే సాధారణంగా పైపుల్లోనే క్రిములు చేరి ఉంటాయి. పైపులను రెండు వారాలకోసారి కాస్టిక్ ద్రావణంతో కడగాలి, కుళాయి మూతిని విప్పి తోమాలి. జర్మన్ పద్ధతి గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసనలు మాత్రం తప్పు కాదు. ఆ ఈస్ట్ గుణమే అది, అది లేకపోతేనే అడగాలి.

గ్లాసు గోడలకు బుడగలు అంటుకుని ఉంటే దాన్ని సరిగా కడగలేదని అర్థం, మార్చమనండి. ఫ్రీజర్లో గడ్డకట్టిన మగ్గు వద్దనండి. మరీ చల్లదనంలో వాసన చచ్చిపోతుంది, నాలుక మొద్దుబారుతుంది, చెడ్డ బీరుకూ మంచి బీరుకూ తేడా తెలియదు. నురగ తీసేసి అంచుదాకా పోయమని గొడవపడేవాళ్లు తమ డబ్బుకే నష్టం చేసుకుంటున్నారు. రెండు వేళ్ల మందం నురగే బీరు వాసనను పట్టి ఉంచుతుంది. పైపులు ఎప్పుడు కడిగారు, ఈ ట్యాంకు ఏ రోజు తెరిచారు అని సర్వర్‌ని అడగండి. బీరు మీద శ్రద్ధ ఉన్న చోటైతే బ్రూవరే వచ్చి మాట్లాడతాడు. మాల్ట్ ఉడికించే రోజు వెళితే, పులియని రసం రుచి చూపించమని అడగొచ్చు. పానకంలా తియ్యగా ఉంటుంది, మద్యం ముట్టని పెద్దవాళ్లకు కూడా అసలు ఇక్కడేం జరుగుతోందో అర్థమవుతుంది.

కుటుంబంతో అయితే ఆదివారం మధ్యాహ్నం మంచిది. రాత్రి ఎనిమిది దాటాక స్పీకర్ల హోరులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. మన దగ్గర 21 ఏళ్లలోపు వారికి మద్యం పోయకూడదు కాబట్టి పిల్లలుంటే లోపలికి రానిస్తారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. ఇక బండి సంగతి. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. మొదటిసారి పట్టుబడితే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. 60 కిలోల మగవాడిని ఒక్క 330 మిల్లీలీటర్ల గ్లాసే ఆ గీత దగ్గరకు చేరుస్తుంది. ఒకే బరువున్నా ఆడవాళ్లకు ఆ గీత ఇంకా ముందే వస్తుంది. కాబట్టి ‘ఒక్కటే కదా’ అన్న మాటకు తావు లేదు. స్టీరింగ్ పట్టేవాళ్లు అసలు తాగకూడదు.

కుటుంబాలను మద్యానికి అలవాటు చేస్తున్నారన్న అభ్యంతరం ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా మీద తిరగబడ్డ నేల మనది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చి 1997లో సడలించుకున్న నేల కూడా. ఆ మహిళల కోపంలో ప్రతి అక్షరం న్యాయమే. కానీ వాళ్లు తిరగబడింది కూలి డబ్బులు ఇంటికి రాకుండా మింగేసిన తాగుడు మీద, ఇంట్లోవాళ్ల కంటపడకుండా సాగిన తాగుడు మీద. ఇంటి మనుషుల ఎదుట, భోజనంతో, కొలతతో తాగే చోటు దానికి తోబుట్టువు కాదు. జర్మనీలోని బవేరియాలో 1812లో రాజు బ్రూవర్లకు తమ నేలమాళిగల దగ్గరే బీరు అమ్ముకునే అనుమతి ఇచ్చాడు గానీ, రొట్టె తప్ప వేరే తిండి అమ్మొద్దన్నాడు. జనం ఇంటి నుంచే సద్ది కట్టుకుని పిల్లాపాపలతో వెళ్లారు. ఇవాళ్టికీ మ్యూనిక్ బీర్ గార్డెన్లలో ఆ అలవాటు బతికే ఉంది.

ఇక్కడే ప్రభుత్వాలను నిలదీయాల్సిన ప్రశ్న ఉంది. ఇంత శుభ్రత, ఇంత మర్యాద ఒక్క బీరుకేనా? దిగుమతి మాల్ట్, దిగుమతి హాప్స్‌తో చేసిన గ్లాసు ధర ఐటీ ఉద్యోగికి అందుతుంది. కూలికి, ఆటో డ్రైవర్‌కు అందదు. వాళ్లకు మన నేల మీదే చెట్టు నుంచి దిగే తాజా పానీయం ఉంది, దాన్ని మాత్రం చీకటి కాంపౌండ్లకు వదిలేశాం. హైదరాబాద్‌లో 2004లో మూతపడ్డ కల్లు దుకాణాలు 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. తలుపులు తెరిచారు గానీ లోపల పోసేదేంటో చూసే గట్టి ఏర్పాటు చేయలేదు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు మనుషుల ప్రాణాలు తీసింది. క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం, డయజెపాం లాంటి మత్తు మందులు కల్లులో కలుపుతారన్నది ఎక్సైజ్ శాఖకు ఏళ్లుగా తెలిసిన సంగతే.

కల్లు కూడా పులిసే పానీయమే, దాని శాస్త్రం బీరు శాస్త్రమే. చెట్టు నుంచి చుక్క లొట్టిలో పడగానే గాలిలోని ఈస్ట్ పని మొదలుపెడుతుంది. కొన్ని గంటల్లో 4, 5 శాతం ఆల్కహాల్‌కు చేరుతుంది. మర్నాటికి ఎసిటిక్ బ్యాక్టీరియా దాన్ని పుల్లటి వెనిగర్ వైపు లాక్కుపోతుంది. చల్లగా 4 డిగ్రీల దగ్గర ఉంచితే ఈ పరుగు బాగా నెమ్మదిస్తుంది. 2023లో నెక్లెస్ రోడ్డులో నీరా, అంటే ఇంకా పులియని చెట్టు రసం, అమ్మడానికి తెరిచిన నీరా కేఫ్ ఆ చల్లదనం సాధ్యమేనని చూపించింది. కేరళలో ఎన్నో కల్లు షాపులు కుటుంబాలకు విడి గదులు పెట్టి, కర్రపెండలం, చేపల పులుసుతో వడ్డిస్తున్నాయి. పోద్దాడు, పరుపుదాడు, పండుదాడు అని తాటికల్లు రకాలకు విడివిడిగా పేర్లు పెట్టుకున్న నేల ఇది. శాంప్లర్ ట్రేలో ఆ మూడూ పక్కపక్కన పెట్టే చోటు ఒక్కటీ లేదు.

మైక్రోబ్రూవరీ నిబంధనలు రాసిన చేత్తోనే కల్లు ట్యాప్‌రూమ్ (కూర్చుని తాజాగా తాగే చోటు) నిబంధనలూ రాయాలి. గీత కార్మికుల సొసైటీలకే లైసెన్సు ఇవ్వాలి. చెట్టు దగ్గర నుంచి కౌంటర్ దాకా ఐస్ పెట్టెల్లోనే తేవాలి. మత్తు మందుల పరీక్ష రోజూ జరగాలి, నిన్నటి మిగులు అమ్మకూడదు. కౌంటర్ పైనున్న బోర్డు మీద ఏ ఊరి చెట్టు, ఎన్ని గంటలకు దించారు, ఎన్ని గంటలకు పారబోస్తారు అన్న మూడు సంగతులూ పెద్దక్షరాల్లో ఉండాలి.