గగనదూరం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ గగనదూరం గారికి,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

రెండు ఊళ్ల నడుమ ఆకాశమార్గాన కొలిచే అతి తక్కువ దూరమే కదా తమరు! ఏ రెండు నగరాల పేర్లు చెప్పినా తమరు నడుమనున్న కిలోమీటర్లు చిటికెలో కొలిచి, గంటకు 900 చొప్పున భాగించి, ప్రయాణకాలం తేల్చేస్తారు. న్యూయార్క్ నుంచి లండన్‌కు సుమారు 5,550 కిలోమీటర్లు, కనుక ఆరు గంటల పది నిమిషాలు. ఆరు గంటల సంగతి సరే, ఆ పది నిమిషాల దగ్గర తమ ధీమా చూస్తే ముచ్చటేస్తుంది.

భూగోళం మీద అతి దగ్గర దారి తమదే, అందులో పేచీ లేదు. పటంలో అది విల్లులా వంగి ఉత్తరానికి ఎగబాకినా గుండ్రటి భూమి మీద అదే తిన్నని దారి అని మాకు నేర్పిందీ తమరే. అయితే ఆ భూమి చుట్టూ గాలి కూడా ఉందన్న కబురు తమ దాకా వచ్చినట్టు లేదు. పది కిలోమీటర్ల ఎత్తున జెట్ స్ట్రీమ్ అనే పెనుగాలి పడమటి నుంచి తూర్పుకు పరుగులు తీస్తుంటుంది. 2020 ఫిబ్రవరిలో తుపాను వేళ ఆ గాలి వెన్ను తట్టగా, బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారి బోయింగ్ 747 న్యూయార్క్‌లో లేచి 4 గంటల 56 నిమిషాల్లో లండన్‌లో వాలింది. అదే గాలికి ఎదురెళ్లే తిరుగు ప్రయాణం మామూలు రోజుల్లోనే ఏడెనిమిది గంటలు. తమ లెక్కలో మాత్రం రాకకూ పోకకూ ఒకటే కాలం. సమదృష్టి గొప్ప గుణమే, యోగులకు.

గాలినైనా క్షమించవచ్చు, రాజ్యాల మాటేమిటి? హెల్సింకి నుంచి టోక్యోకు రష్యా మీదుగా తొమ్మిదిన్నర గంటల్లో వెళ్లేవారు. 2022లో ఆ గగనతలం యూరప్ విమానాలకు మూతపడింది. విమానాలు ఉత్తర ధ్రువం మీదుగానో, దక్షిణాన చుట్టు తిరిగో పోవలసి వచ్చి ప్రయాణం పదమూడు గంటల దాకా సాగింది. ఊళ్లు కదలలేదు. తమరూ కదలలేదు. అడిగితే ఈనాటికీ ఎనిమిది వేల కిలోమీటర్ల లోపే అంటారు, ఏ మంత్రిత్వ శాఖనూ సంప్రదించకుండా!

ఈ విషయంలో విమాన సంస్థలే నయం. వారి గడియారం విమానం గేటు వదిలినప్పుడు మొదలై, అవతలి గేటు చేరాకే ఆగుతుంది. రన్‌వే ముందు వరుసలో నిలబడటం, దిగే ముందు ఆకాశంలో చక్కర్లు కొట్టడం, అన్నిటికీ కలిపి కాస్త ఎక్కువే రాసుకుంటారు. అందుకే ఆలస్యంగా బయల్దేరి కూడా వేళకు ముందే చేరామని మైకులో మురిసిపోగలరు. ఆ గడుసుతనంలో కొంతైనా తమకు అబ్బితే బాగుండేది.

చివరగా ఒక చిన్న సందేహం. టోక్యోలో రాత్రి విమానమెక్కినవారు, మధ్యలో తేదీ ఒక రోజు వెనక్కి జరిగే అంతర్జాతీయ తేదీ రేఖ దాటి, హవాయి దీవుల్లోని హోనలూలూలో అదే తేదీన ఉదయం దిగుతారు. ఎక్కడానికి ముందే దిగినవారు గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగంతో వెళ్లినట్టో తమ పద్ధతిలోనే భాగించి తిరుగు టపాలో తెలియజేయగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
నడిమి సీటు ప్రయాణికుడు