సవరణ: బెరిక్‌షైర్ కేంద్రం బెరిక్ కాదు

స్కాట్లాండ్ పాత కౌంటీల (మన జిల్లాల్లాంటివి) గురించి మొన్న రాసినప్పుడు, బెరిక్‌షైర్ కౌంటీకి బెరిక్ పట్టణమే చివరిదాకా కేంద్రమని రాశాను. అది తప్పు. పేరు చూసి అలా అనుకున్నాను, సరిచూసుకోవాల్సింది.

బెరిక్ (పూర్తి పేరు బెరిక్ అపాన్ ట్వీడ్) స్కాట్లాండ్, ఇంగ్లండ్‌ల మధ్య ఎన్నోసార్లు చేతులు మారి, 1482లో చివరిసారిగా ఇంగ్లండ్ వశమైంది. అప్పటినుంచి కౌంటీ స్కాట్లాండ్‌లో, దానికి పేరిచ్చిన ఊరు ఇంగ్లండ్‌లో. ఊరు దాటి ఉత్తరంగా కొన్ని కిలోమీటర్లు వెళ్తే చాలు, సరిహద్దు వచ్చేస్తుంది.

ఆ తర్వాత కేంద్రం హోదా డన్స్, గ్రీన్‌లా ఊళ్ల మధ్య తిరిగింది. 1696లో చట్టం చేసి గ్రీన్‌లాకు ఇచ్చారు. అక్కడ 1831లో కట్టిన కౌంటీ భవనం ఇప్పటికీ ఉంది. ముందు స్తంభాలు, పైన గోపురం, చుట్టూ చూస్తే చిన్న పల్లె. అంత భవనం అక్కడెందుకని ఎవరికైనా అనిపిస్తుంది. ఈ చరిత్ర తెలిస్తేనే అర్థమవుతుంది. 20వ శతాబ్దం మొదట్లో హోదా పూర్తిగా డన్స్‌కు వెళ్లిపోయింది.

ఇంకొకటి. 1975లో బెరిక్‌షైర్ పూర్తిగా రద్దయిందని రాశాను. రద్దయింది 1890లో మొదలైన కౌంటీ కౌన్సిల్ మాత్రమే. తర్వాత అదే పేరుతో జిల్లా కౌన్సిల్ 1996 దాకా నడిచింది. ఇప్పుడు పాలన స్కాటిష్ బోర్డర్స్ కౌన్సిల్‌ది. అయినా భూముల రిజిస్ట్రేషన్‌లో, రాజు తరఫున ఉండే లార్డ్ లెఫ్టినెంట్ పదవిలో బెరిక్‌షైర్ పేరు నేటికీ వాడుకలోనే ఉంది.