హాని లేని ఆవకాయ

పచ్చడికి తడి గరిటె శత్రువని మా పిన్నికి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఎర్ర పేజీ కూడా శత్రువేనని మాత్రం మొన్న వేసవిలోనే తెలిసింది.

వనస్థలిపురంలో పిన్ని ఆవకాయకి మంచి పేరు. రైతుబజారులో కాయ ఏరడం, దగ్గరుండి టెంకతో సహా ముక్కలు కొట్టించడం ఆవిడ పని. ఒక్కో ముక్కనీ పొడిగుడ్డతో తుడవడం, రిటైరయ్యాక బాబాయికి దొరికిన ఉద్యోగం. డల్లాస్ నుంచి కూడా ఆర్డర్లు మొదలయ్యేసరికి, కింది ఫ్లాట్‌లో ఇంజినీరింగ్ చదివే కుర్రాడు ఒక వెబ్‌సైట్ చేసిపెట్టాడు. ఫీజు కింద ఆవకాయ, మాగాయ చెరో జాడీ పట్టుకెళ్ళాడు.

సరిగ్గా సీజను మధ్యలో ఒకరోజు పొద్దున్నే ఫోన్లు మొదలయ్యాయి. మొదటిది దిల్‌సుఖ్‌నగర్ నుంచి.

"ఆంటీ, మీ ఆవకాయ హానికరమని గూగుల్ వాళ్ళు చెప్తున్నారు. మేం రాత్రే తిన్నాం. ఇప్పుడేం చెయ్యమంటారు?"

తర్వాత కూకట్‌పల్లి ఆయన. "ఆర్డర్ పెడదామని తెరిస్తే స్క్రీనంతా ఎర్రగా వచ్చిందమ్మా. ముందు మీ కారం ఫోటో అనుకున్నాను. తర్వాత చదివితే వెనక్కి పొమ్మని ఉంది."

ఈలోగా పై అంతస్తులో ఉండే ఆవిడ (ఆవిడా పచ్చళ్ళు పెడుతుంది) ఆ ఎర్ర పేజీని స్క్రీన్‌షాట్ తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టింది. కింద ఒక్క మాటా రాయలేదు. రెండు చేతులు జోడించిన బొమ్మ మాత్రం పెట్టింది. పిన్నికి అసలు మంట ఆ దండం మీదే.

కబురందుకుని నేను వెళ్ళేసరికి ఇల్లు అట్టుడికిపోతోంది.

"ఒరేయ్, ఎవడ్రా ఆ గూగులు? నా ఆవకాయ నోట్లో పెట్టుకుని చూశాడా అసలు?"

"పచ్చడి గురించి కాదు పిన్నీ, సైట్ గురించి."

"సైట్లో ఉన్నది పచ్చడే కదరా!"

దీనికి జవాబు నా దగ్గర లేదు. బాబాయి ఓ మూల సోఫాలో తన ప్రయత్నాల్లో తానున్నారు. క్రోమ్‌లో ఎర్రగా వస్తోందని ఫైర్‌ఫాక్స్‌లో చూశారు, అదీ కాదని కోడలి ఐఫోన్ తెచ్చి సఫారీలో చూశారు. మూడూ సరిచూసుకునేది గూగుల్ వాళ్ళ సేఫ్ బ్రౌజింగ్ జాబితానే. చెడ్డవని గూగుల్ పట్టుకున్న చిరునామాలు అందులో ఉంటాయి కాబట్టి ఏ కిటికీలోంచి చూసినా ఎరుపే. ఆ పేజీలో వెనక్కి వెళ్ళిపొమ్మనే బటన్ పెద్దది. వివరాలు అని సన్నగా ఉన్నచోట నొక్కితే, అంత తెగింపు ఉంటే వెళ్ళు నాయనా అన్నట్టు చివర్లో ఒక దారి కనిపిస్తుంది. బాబాయి అదీ కనిపెట్టి, నొక్కబోతూ ఉండగా ఫోన్ లాక్కున్నాను.

పిన్నిని చల్లబరుద్దామని ఓ పాత కథ ఎత్తుకున్నాను. 2009 జనవరి 31, శనివారం. మన టైములో రాత్రి ఎనిమిది దాటగానే గూగుల్లో ఏం వెతికినా, వచ్చిన ప్రతి ఫలితం దగ్గరా 'ఈ సైట్ మీ కంప్యూటర్‌కు హాని చెయ్యవచ్చు' అని కనబడింది. గూగుల్ సొంత పేజీలకీ అదే ముద్ర. చెడ్డ సైట్ల జాబితా ఎక్కిస్తూ ఎవరో పొరపాటున ఉత్త స్లాష్ గీత ఒక్కటే ఎక్కించారు. ఆ గీత లేని వెబ్ చిరునామా ఎక్కడుంటుంది? దాంతో లోకంలోని సైట్లన్నీ చెడ్డవైపోయాయి. గంట తిరగకుండా సర్దేశారు. అప్పట్లో అక్కడ పెద్ద హోదాలో ఉన్న మరిస్సా మేయర్, ఇది మనిషి చేసిన తప్పేనని చెప్పి క్షమాపణ కూడా అడిగింది.

పిన్ని అంతా శ్రద్ధగా వింది.

"ఆవేళ పై అంతస్తు దానికీ పడుంటుంది. ఇవాళ నాకొక్కదానికే పడిందిగా!"

నిజమే. ఈసారి గూగుల్ తప్పేమీ లేదు. కింది కుర్రాణ్ణి పిలిపించి సైట్ వెనకాల తవ్విస్తే, పెట్టిన రోజు నుంచీ అప్‌డేట్ ముఖం చూడని ప్లగిన్ (సైట్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం) ఒకటి బయటపడింది. పాస్‌వర్డ్ ఆవకాయ వన్ టూ త్రీ. ఎవడో ఆ సందులోంచి దూరి, పచ్చళ్ళ ఫోటోల ఫోల్డర్లో ఒక బ్యాంకు లాగిన్‌ను పోలిన దొంగ పేజీ దాచాడు. జనాన్ని అక్కడికి రప్పించి పాస్‌వర్డులు లాగుతున్నాడు.

"అంటే నా పచ్చళ్ళ కొట్లో వాడు బ్యాంకు తెరిచాడా? అద్దె కూడా ఇవ్వకుండానా?"

కుర్రాడు దొంగ పేజీ పీకేశాడు, ప్లగిన్ మార్చాడు, పాస్‌వర్డ్ కొత్తది పెట్టాడు. ఇక మిగిలింది సైట్ల యజమానుల కోసం గూగుల్ పెట్టిన సెర్చ్ కన్సోల్‌లోకెళ్ళి, ఫలానా తప్పు సరిదిద్దాం, మళ్ళీ చూడండి అని అర్జీ పెట్టుకోవడం. చిక్కంతా అక్కడొచ్చింది, ఎందుకంటే ఏం సరిదిద్దారో రాయమని అక్కడ ఖాళీ ఉంది. పిన్ని కుర్చీ లాక్కుని వాడి పక్కన కూర్చుంది.

"రాయి బాబూ. కారం గుంటూరుది. నూనె గానుగలో దగ్గరుండి ఆడించినది. ఉప్పు ఎండబెట్టి దంచినది. రాశావా?"

"ఆంటీ, వాళ్ళకి ప్లగిన్ గురించి చెప్పాలి."

"అదీ రాయి. ముందు నూనె రాయి."

వాడు టైప్ చేస్తున్నట్టు నటించి ప్లగిన్ సంగతే రాసి పంపాడు. ఆ రెండు మూడు రోజులూ ఇంట్లో ఒకటే టెన్షన్. చివరికి ఎరుపు పోయింది. పోయిందని బాబాయి, నేను, కింది కుర్రాడు సంబరపడుతుంటే పిన్ని ముఖం మాత్రం విచ్చుకోలేదు.

"చెడ్డదన్నప్పుడు ఊరంతా కనబడేలా ఎర్రజెండా ఎత్తారు. మంచిదని తేలాక పచ్చజెండా ఏదిరా?"

అలాంటి పేజీ బ్రౌజర్లో రాదు. ఆవిడ మనసు నొప్పించడం ఎందుకని, సైట్ల స్థితి చెప్పే గూగుల్ పేజీ ఒకటుంటే అందులో మా చిరునామా కొట్టి చూపించాను. హానికరమైనదేదీ కనబడలేదు అన్న అర్థంతో ఇంగ్లీషులో ఒక ముక్క ఉంది. పిన్ని దాన్ని నా చేత తెలుగులో చెప్పించుకుంది, మళ్ళీ చెప్పించుకుంది, కాగితం మీద రాయించుకుంది. పెద్దావిడ, కళ్ళకద్దుకుంటుందేమో అనుకున్నాను.

మర్నాడు బాబాయిని కోఠీ పంపి స్టిక్కర్లు కొట్టించింది. పిన్ని ఫోటో, కింద ఆవకాయ అని పెద్దక్షరాలు, ఆ కింద ఎర్ర రంగులో, 'గూగుల్ వారి పరీక్షలో హానికరమైనదేదీ దొరకలేదు.'

జాడీలన్నిటికీ అంటించాక మొదటి సీసా కొనడానికొచ్చింది ఎదురింటి కొత్త కోడలు. మూత తీసి వాసన చూసి, బాగుందంది. పర్సు తీస్తూ స్టిక్కర్ చదివి ఆగిపోయింది.

"ఇంతకుముందు దొరికిందా ఆంటీ?"