నాలుగో నెల ప్యాకేజీలో ఉండదు

2018 ప్రాంతంలో పెళ్లి భోజనాలు గుర్తున్నాయా? బంతిలో కూర్చుని అన్నం వద్దంటూనే మటన్ కూర మాత్రం రెండోసారి కూడా వేయించుకునేవాళ్లు ప్రతి పెళ్లిలోనూ ఇద్దరు ముగ్గురు కనిపించేవారు. వాళ్ల చేతిసంచిలో కొబ్బరినూనె సీసా ఉండేది. వీరమాచనేని రామకృష్ణ చెప్పిన పద్ధతి అప్పట్లో తెలుగు ఇళ్లను ఒక ఊపు ఊపింది. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, నిమ్మకాయలు, 4 లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు. అన్నం, చపాతీ, పంచదార బంద్. అంతకు కొన్నేళ్ల ముందు మంతెన సత్యనారాయణరాజు మాట విని ఇదే జనం ఉప్పు, నూనె మానేసి మొలకలు, పచ్చికూరల రసాలు పట్టారు. నూనె చుక్క ముట్టొద్దన్నది ఒకరు, నూనె తాగమన్నది ఇంకొకరు. ఇద్దరి మాట విన్నవాళ్లలోనూ తగ్గినవాళ్లున్నారు. తగ్గిందంతా మళ్లీ వచ్చినవాళ్లూ ఉన్నారు. ఈ రెండు రకాలకూ మా ఇంట్లోనే సాక్షులున్నారు, అందులో నేనొకడిని.

ఆ పద్ధతులకు పెద్దగా డబ్బు కట్టాల్సిన పని లేదు, టీవీలోనో ఫోన్‌లోనో వింటే చాలు. ఇప్పుడు వ్యవహారం అలా లేదు. యాప్ చందాలు, స్లిమ్మింగ్ సెంటర్లు, షేక్ పౌడర్లు, ఇంటికి వచ్చే డైట్ భోజనం డబ్బాలు, వారానికో ఇంజెక్షన్. గిరాకీ ఎందుకు ఉందో అంకెలే చెబుతాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నవాళ్లు దేశం మొత్తం మీద 24 శాతం. తెలంగాణలో 30 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం. అందుకే డైట్ మాట ఎత్తగానే ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే: వీటిలో ఏది మంచిది?

ఈ ప్రశ్నకు జవాబు ఎప్పుడో దొరికింది, కాకపోతే అమ్మేవాళ్లకు అది పనికిరాదు. 2005లో బోస్టన్‌లో 160 మందిని నాలుగు గుంపులు చేసి అమెరికాలో పేరున్న నాలుగు డైట్‌లు ఇచ్చారు: పిండిపదార్థం బాగా తగ్గించే ఆట్కిన్స్, కొవ్వు దాదాపు మానేసే ఆర్నిష్, మధ్యేమార్గంలో జోన్, లెక్కలు రాసుకునే వెయిట్ వాచర్స్. ఏడాది తర్వాత చూస్తే సగటున తగ్గింది 2 నుంచి 3 కిలోల చిల్లర. నాలుగింటి మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా వచ్చింది ఎవరు ఎంత గట్టిగా పట్టుకున్నారన్న దగ్గరే. కఠినమైన రెండు డైట్‌లలో, అంటే ఆట్కిన్స్, ఆర్నిష్‌లలో, ఏడాది చివరికి మిగిలింది సుమారు సగం మంది. మిగతా రెండింట్లో 65 శాతం. మనల్ని ఆరంభశూరులని వెక్కిరించడం పాత అలవాటు కానీ, ఈ విషయంలో బోస్టన్‌వాళ్లు మనకేమీ తీసిపోలేదు.

2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీవాళ్లు 609 మందితో ఇంకా పెద్ద ఎత్తున చేశారు. కొవ్వు తగ్గించినవాళ్లు ఏడాదిలో సగటున 5.3 కిలోలు తగ్గారు, పిండిపదార్థం తగ్గించినవాళ్లు 6 కిలోలు. జన్యువులను బట్టి ఎవరికి ఏది పడుతుందో చెప్పగలమేమోనని చూశారు, అదీ కుదరలేదు. నాకు ఆసక్తిగా అనిపించింది సగటు కాదు. ఒకే డైట్ చేసిన గుంపులో 30 కిలోల దాకా తగ్గినవాళ్లున్నారు, 10 కిలోల దాకా పెరిగినవాళ్లూ ఉన్నారు. అంటే రెండు డైట్‌ల మధ్య తేడా ముప్పావు కిలో. ఒకే డైట్ చేసిన ఇద్దరు మనుషుల మధ్య తేడా 40 కిలోలు.

అలాంటప్పుడు ప్రకటనల్లో 'వారంలో 3 కిలోలు' ఎక్కడి నుంచి వస్తాయి? చాలావరకు నీళ్ల నుంచి. ఒంట్లో పిండిపదార్థం గ్లైకోజెన్‌గా నిల్వ ఉంటుంది, దాని ఒక్కో గ్రాము సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానేసిన మొదటి వారం ఆ నిల్వ కరిగి, నీళ్లు బయటికి పోతాయి. త్రాసు ముల్లు పడిపోతుంది, మనకు ఉత్సాహం వస్తుంది, ఆ ఉత్సాహంలోనే మూడు నెలల డబ్బు కట్టేస్తాం. ఇందులో మోసం ఏమీ లేదు, బరువు నిజంగానే తగ్గింది. తగ్గింది కొవ్వు కాదని మాత్రం ఎవరూ చెప్పరు. (షుగరు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా ఇలా అన్నం ఒక్కసారిగా మానేయడం ప్రమాదం. మాత్ర మోతాదు పాత భోజనానికి లెక్కకట్టింది.)

నేనూ ఆ డబ్బు కట్టినవాణ్నే. పేరెందుకు గానీ, హైదరాబాద్‌లో ఒక సెంటరు. మూడు నెలల ప్యాకేజీ. చేతిలో పెట్టిన చార్టులో ఓట్స్, బ్రకోలీ, బ్రౌన్ బ్రెడ్, గ్రిల్డ్ చికెన్. మా వంటింట్లో అప్పటిదాకా బ్రకోలీ అడుగుపెట్టి ఎరగదు. ఇంట్లో అందరికీ ఒక వంట, నాకు వేరే వంట. ఏడు కిలోలు తగ్గాను. నాలుగో నెలలో చార్టు అయిపోయింది, ఓట్స్ డబ్బాలో పురుగు పట్టింది, నేను మళ్లీ ముద్దపప్పు, ఆవకాయ దగ్గరికి వచ్చాను. సంక్రాంతి అరిసెలయ్యేసరికి ఏడు కిలోలూ తిరిగొచ్చి, పైన ఇంకొకటి చేరింది. రెన్యువల్ కోసం ఫోన్ చేసినమ్మాయి అన్న మాట మాత్రం మర్చిపోలేదు: "మీరు మెయింటైన్ చేయలేదు సార్." నేను సిగ్గుపడి క్షమాపణ చెప్పాను! ఫ్యాను తిరగకపోతే షాపువాణ్ని నిలదీస్తాం. డైట్ పనిచేయకపోతే మనల్ని మనం తిట్టుకుని, అదే షాపుకు మళ్లీ వెళ్తాం. ఇంత సుఖమైన వ్యాపారం ఇంకోటి ఉంటుందా?

తప్పంతా మన మనసుది కాదని ఇప్పుడు తెలుసు. అమెరికాలో బరువు తగ్గే పోటీ టీవీ షో ఒకటుండేది. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. తగ్గిన బరువులో చాలాభాగం వాళ్లకు తిరిగొచ్చింది. అదొక్కటే కాదు, ఆ ఒడ్డూపొడుగుకి విశ్రాంతిలో ఖర్చు కావాల్సిన దానికంటే రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువే వాళ్ల ఒళ్లు ఖర్చు చేస్తోంది. కరువొచ్చిందనుకుని పొదుపు మొదలుపెట్టిన శరీరం ఆరేళ్లైనా ఆ పొదుపు మానలేదు. వాళ్లు విపరీతమైన వేగంతో తగ్గినవాళ్లు, అందరికీ ఇంతగా జరుగుతుందని కాదు. కానీ దిశ ఇదే.

మరి ఈ ప్లాన్లలో పనికొచ్చేదేమీ లేదా అంటే, ఉంది. అది చార్టులో లేదు. 1961లో న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో జీన్ నైడెచ్ అనే గృహిణి ఉండేది, బరువు 97 కిలోలు. సూపర్ మార్కెట్‌లో ఎదురైన పరిచయస్తురాలు కడుపుతో ఉందనుకుని పురుడెప్పుడని అడిగింది. ఆ అవమానంతో నగర ఆరోగ్య శాఖవాళ్ల ఉచిత క్లినిక్‌కి వెళ్లింది. వాళ్లిచ్చిన డైట్ బాగానే ఉంది, బరువూ తగ్గుతోంది, కానీ రాత్రిళ్లు దాచుకుని తింటున్న బిస్కెట్ల సంగతి అక్కడ చెప్పలేకపోయింది. ఇంటికొచ్చి ఆరుగురు స్నేహితురాళ్లను పిలిచి వాళ్ల ముందు ఒప్పుకుంది. తీరా చూస్తే అందరికీ అలాంటి దొంగతిండి ఒకటుంది. వారం వారం కలవడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి ఆవిడ 64 కిలోలకు వచ్చింది, 1963లో ఆ కూడికలే వెయిట్ వాచర్స్ కంపెనీ అయ్యాయి, 1978లో కెచప్ కంపెనీ హైన్జ్ దాన్ని 7 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొనుక్కుంది.

గమనించండి, డైట్ ఆవిడది కాదు. అది సర్కారు క్లినిక్‌లో ఊరికే ఇచ్చిన కాగితం. అమ్ముడుపోయింది ఆ హాల్లో కుర్చీలు. 2011లో ఆస్ట్రేలియా, జర్మనీ, బ్రిటన్‌లలో 772 మందితో చేసిన అధ్యయనంలో ఈ కూడికలకు వెళ్లినవాళ్లు ఏడాదిలో సగటున 5.1 కిలోలు తగ్గారు, డాక్టరు సలహాతో సరిపెట్టుకున్నవాళ్లు 2.3. ఖర్చు పెట్టింది ఆ కంపెనీయే కాబట్టి ఒక కన్ను వేసి ఉంచాల్సిందే, అయినా నమ్మశక్యంగానే ఉంది. తర్వాత కంపెనీ యాప్‌లోకి మారింది, 2023లో బరువు తగ్గించే ఇంజెక్షన్లు ఆన్‌లైన్‌లో డాక్టర్లతో రాయించే సంస్థను కొన్నది, 2025 మేలో అప్పుల భారంతో దివాలా రక్షణ కోరింది. ఇంజెక్షన్ల దెబ్బకే ఇలా అయిందని చాలామంది రాశారు. కొంత నిజం. కూడికలను పక్కకు నెట్టి, ఎవరైనా చేసి పెట్టగల కేలరీ లెక్కను ముందుకు తెచ్చినప్పుడే వాళ్ల అసలు సరుకు పలచబడిందని నా అనుమానం.

మన దగ్గర 2012లో బెంగళూరులో పుట్టిన హెల్దిఫైమీ అనే యాప్ ఇడ్లీ, ఉప్మాల కేలరీలు మన లెక్కలో చూపించి మంచి పనే చేసింది. మొదట మనిషి కోచ్, ఆ తర్వాత రియా అనే యంత్రం కోచ్. యంత్రం దగ్గర నాకున్న ఇబ్బంది ఒకటే, దానితో మనకు మొహమాటం ఉండదు. రాత్రి పదకొండుకు బిర్యానీ తిని యాప్‌లో రాయకపోతే అది ఏమీ అనుకోదు. షేక్ పౌడర్లు కలిపి తాగించే క్లబ్బుల్లో పలకరింపుకి కొదవలేదు కానీ, కొన్నాళ్లకు తాగేవాడినే అమ్మేవాడిగా మారమంటారు. ఆ తరహా వ్యాపారంలో సభ్యులను మభ్యపెట్టారన్న ఆరోపణ మీద 2016లో అమెరికాలో షేక్ పౌడర్లమ్మే హెర్బలైఫ్ కంపెనీ 20 కోట్ల డాలర్లు కట్టి, పద్ధతి మార్చుకోవడానికి ఒప్పుకుంది.

ఇంజెక్షన్లది వేరే కథ, వాటి బలం కాదనలేం. సెమాగ్లుటైడ్ అనే వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్‌తో 68 వారాల్లో సగటున దాదాపు 15 శాతం బరువు తగ్గింది, మామూలు డైట్ ఏదీ దాని దరిదాపులకు రాదు. కానీ ఆపేసిన ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. అలాంటిదే ఇంకో ఇంజెక్షన్ మౌంజారో 2025 మార్చిలో మన దేశానికి వచ్చినప్పటి నుంచి పెళ్లికి ముందు మూడు నెలలు వేయించుకోవచ్చా అని అడిగేవాళ్లు నాకే ముగ్గురు తగిలారు. మందైనా, చార్టైనా, నాలుగో నెల ఏంటన్నదే ప్రశ్న.

అందుకే ప్లాన్లు పోల్చాలనుకునేవాళ్లు ఎన్ని కిలోలు, ఎన్ని వారాలు అన్నది పక్కనపెట్టి అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఈ తిండి మా ఇంటి పొయ్యి మీద మా అందరికీ కలిపి వండగలమా? శ్రావణమాసం పేరంటాల్లో, కార్తీక వనభోజనాల్లో ఈ చార్టు ఏమంటుంది? డబ్బు కట్టడం ఆపేశాక నన్ను ఎవరు అడుగుతారు? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మన కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. మన కంచంలో అన్నం కుప్ప, పక్కన చెంచాడు కూర. దాన్ని తిరగేసి కూర, పప్పు ముందు వడ్డించుకుని, ఖాళీ ఉన్నచోట అన్నం పెట్టుకోవడానికి ఏ కోచ్ అక్కర్లేదు. కానీ దీన్ని ఎవరూ ప్యాకేజీ చేసి అమ్మలేరు కాబట్టి దీనికి ప్రకటనా ఉండదు.

పట్టుదల గురించి కూడా ఇదే మాట. '21 రోజుల చాలెంజ్' అనే మాట ఫోన్ తెరిస్తే చాలు కనిపిస్తుంది. లండన్‌లో 96 మందితో చేసి 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో ఒక చిన్న అలవాటు కుదురుకోవడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు, కొందరికి 18 రోజులు సరిపోతే, కొందరికి 254 దాకా అవసరమని లెక్క తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా తేలింది. ఒక గులాబ్‌జామ్ తిని 'ఈరోజు ఎలాగూ పోయింది' అని రాత్రికి బిర్యానీ ఆర్డర్ పెట్టేవాళ్లు (అంటే నేను) ఇది గోడ మీద రాసుకోవాలి.

తెలుగువాడి తిండికి అసలు శత్రువు ఆకలి కాదు, మొహమాటం. "ఇంకొక్క గరిటె, నా మీద ఒట్టు" అంటే కంచం వెనక్కి లాక్కోగలిగినవాడు నాకు తారసపడలేదు. ఎక్కువ తినిపించేది ఆ మొహమాటమే అయితే, నడకకు లేపేదీ అదే ఎందుకు కాకూడదు?

మా పిన్ని ఉండేది గుంటూరులో ఒక అపార్ట్‌మెంట్‌లో. రెండేళ్లలో తొమ్మిది కిలోలు తగ్గింది, ఇప్పటికి మూడేళ్లు దాటినా మళ్లీ పెరగలేదు. చార్టు లేదు, యాప్ లేదు. మొన్న కార్తీకమాసంలో పులిహోర రెండుసార్లు వేయించుకోవడం నా కళ్లతో చూశాను. "ఏం డైట్ పిన్నీ?" అని అడిగితే నవ్వింది. "డైటేంట్రా నీ మొహం. పొద్దున్నే అయిదున్నరకి మేం నలుగురం నడకకి వెళ్తాం. నేను దిగకపోతే మూడో అంతస్తు ఆవిడ వచ్చి బెల్లు కొడుతుంది. ఒకసారి కాదు, తలుపు తీసేదాకా. ఆ బెల్లుకి మీ బాబాయి లేచి నన్ను తిడతారు. ఆ తిట్లు పడలేక వెళ్తున్నా."