చిరునవ్వు చెదరని కళింగ యుద్ధం

‘ఆన్‌లైన్ తరగతి ముగిసేవరకు ఉపాధ్యాయుల ముఖంపై చిరునవ్వు చెదరరాదు.’

శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు బడి యాజమాన్యం తన ఉపాధ్యాయులకు జారీ చేసిన నియమావళిలో మొదటి వాక్యం ఇది. వాయుగుండం ముంచుకొస్తోందని కలెక్టరు బడులకు సెలవు ప్రకటించిన రాత్రే ఇది కూడా వాట్సాప్‌లో తీరం దాటింది. సెలవు బడికే గాని చదువుకు కాదట. కళింగపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేశారు, పడవలను ఒడ్డుకు లాగేశారు, ఉద్దానంలో కొబ్బరి రైతు ఆకాశం వంక చూస్తూ కూర్చున్నాడు. జిల్లా మొత్తం మీద ఆ బడి టీచర్లు మాత్రం నవ్వు ముఖం పెట్టుకుని ఫోను ముందు కూర్చోవాలి.

యాజమాన్యాన్ని తప్పు పట్టడానికి మనమెవరం? నియమం వచ్చాక పాటించే దారి వెతకడమే పౌరధర్మం. మా వీధిలో ఉండే సోషల్ టీచరుగారికి ఆ రోజు వంతు వచ్చిన పాఠం కళింగ యుద్ధం. లక్షమంది హతులయ్యారని, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారని అశోకుడు తన పదమూడో శిలాశాసనంలో చెప్పుకుని కుమిలిపోయాడు. అయితే కళింగలో ఉన్న ధౌలిలో, జౌగడలో మాత్రం ఆ శాసనం చెక్కించలేదు. అంతటి చక్రవర్తికే దెబ్బతిన్నవాళ్ల ముందు ఆ అంకెలు చదవడానికి మొహం చెల్లలేదన్నమాట. మా టీచరుగారు అవే అంకెలను కళింగ గడ్డ మీద కూర్చుని, కళింగ పిల్లలకు, చిరునవ్వుతో చెప్పాలి. అశోకుడి మీద యాజమాన్యం లేదు కాబట్టి పశ్చాత్తాపపడే వెసులుబాటు దొరికింది.

రెండో నియమం ప్రకారం పిల్లల దృష్టి ఒక్క క్షణం కూడా మరలకూడదు. విజయనగరం సంగీత కళాశాల తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు గజ్జె కట్టి హరికథ మొదలుపెడితే జనం కదిలేవారు కాదంటారు. నిజమే కావచ్చు. కానీ ఆయన కథ వినే జనం ఎదురుగా కూర్చునేవారు. కెమెరా ఆపేసి ఇడ్లీ తినేవారు కాదు.

అన్నిటికంటే నాకు నచ్చినది హాజరు. పిల్లల పేర్లు పిలిచి హాజరు వేయాలని నియమం. తెర మీద పిల్లల పేర్లుంటే కదా, ఉన్నవన్నీ ఫోన్ల పేర్లు!

‘రెడ్‌మీ నోట్ ఎయిట్?’

‘ఉన్నాను టీచర్’ అని రెండు గొంతులు.

‘ఇద్దరిలో ఎవరు?’

‘నేనే టీచర్’ అని మళ్లీ రెండు గొంతులు.

‘గెలాక్సీ జె సెవెన్?’ జవాబు లేదు. కుక్కర్ కూత వినబడింది, అంతే.

‘జై పైడిమాంబ?’

‘మా వాడింకా లేవలేదమ్మా. నేను వాడి నాయనమ్మని. మీరు చెప్పండి, నేను వింటున్నాను.’

ఇంతలో ఒక పెద్దమనిషి తెర మీదికి ఊడిపడి, ‘సిమెంటు ఎప్పుడు దింపుతారు?’ అని గద్దించాడు. అది కొడుకు తరగతి అని తెలిశాక కూడా జవాబు వచ్చేవరకు కదల్లేదు. టీచరుగారు ఆయనను కూడా చిరునవ్వుతోనే సాగనంపారు. ఆ తరువాత, ‘అశోకుడు యుద్ధాలు ఎందుకు మానేశాడు?’ అని ప్రశ్న వేశారు. తరగతి తరగతంతా మౌనం. జై పైడిమాంబ ఒక్కరే, ‘సిగ్గుపడి ఉంటాడమ్మా’ అన్నారు. ఆ రోజు పాఠం విన్న ఏకైక విద్యార్థి ఆవిడ. హాజరు పట్టీలో మాత్రం మనవడి పేరు పడింది.

ఇక రుజువు. పది నిమిషాలు గడిచేలోగా అందరి ముఖాలూ కనబడేలా తెరను ఫోటో తీసి యాజమాన్యం గ్రూపులో పెట్టాలి. పాఠం ఆపి, పెళ్లి భోజనాల దగ్గర ఫోటోగ్రాఫరులా ‘అందరూ ఇటు చూడండి’ అని బతిమాలుకోవాలి. ఫోటో చేరితే చదువు జరిగినట్టే. మిగతా అరగంట టీచరు పాఠం చెప్పారా, పప్పు రుబ్బుకున్నారా అని అడిగే నాథుడు లేడు.

ఇది చూసి సర్కారు బడి మాస్టార్లు నవ్వనక్కరలేదు. మరుగుదొడ్ల ఫోటోలు తీసి యాప్‌లో ఎక్కించిందీ, 2022 ఆగస్టులో సొంత ఫోనుకు ముఖం చూపించి హాజరు వేసుకోమంటే గగ్గోలు పెట్టిందీ ఎవరు?

ఇంతవరకు సరదాగానే చదివాను. తరువాతి నియమం దగ్గర నా ఓపిక చచ్చిపోయింది. ‘తరగతికి రాని విద్యార్థుల విషయంలో ఉపాధ్యాయులు లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వవలెను.’

ఆ సంజాయిషీ నేనిస్తాను, రాసుకోండి. ఈ జిల్లా తీరంలో మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వెరావల్‌కు బోట్ల మీద పనికి పోతారు. 2020 లాక్‌డౌన్‌లో వేలమంది అక్కడే చిక్కుకుని, ఇరుకు బోట్లలో పడుకుని, చివరికి ఏప్రిల్ నెలాఖరున బస్సుల్లో ఇళ్లకు బయలుదేరారు. ఇప్పటికీ పోతూనే ఉన్నారు, ఇక్కడ పని లేదు కాబట్టి. అప్పు చేసి కొడుకును మీ బడిలో వేసినవాళ్లు వాళ్లలోనూ ఉన్నారు. ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోనూ తండ్రి జేబులో అరేబియా సముద్రం మీద ఉంటే, బంగాళాఖాతం ఒడ్డున పిల్లవాడు దేనిలో చూడాలి మీ తరగతి? దానికి సంజాయిషీ చెప్పవలసింది నెలకు పది వేలు కూడా రాని టీచరా? సిగ్గుండాలి. అదే 2020లో నెలల తరబడి జీతాలు ఆపేస్తే కూరగాయల బండి పెట్టుకున్న టీచర్లున్నారు, ఉపాధి హామీ పనిలో మట్టి మోసినవాళ్లున్నారు. ఆ ఫోటోలు ఏ యాజమాన్యమూ గ్రూపులో పెట్టమనలేదేం?

చివరి రెండు నియమాలు పొట్టివి. డేటా ఖర్చు ఉపాధ్యాయులదే. ఆన్‌లైన్ రోజులకు సగం జీతమే, బడికి రాలేదు కనుక.

మరి ఫీజు కూడా సగమేనా అని ఒక తండ్రి తల్లిదండ్రుల గ్రూపులో మర్యాదగా అడిగాడు. ఆయనను గ్రూపులోంచి తీసేశారు.